మేము చూచిన సురభివారి ‘మాయాబజారు’

నాటకమును విమర్శింపబూనినవాడు నాటకమును మాత్రమే చూచి వచ్చినవాడై యుండవలెను. మాకు ఆ యోగ్యత లేదని మొదటనే ఒప్పుకొనుచున్నాము. 2025 ఫిబ్రవరి మాసమున విశాఖపట్టణములో సురభి సమాజములలో ఒకదానివారు ఆడిన ‘మాయాబజారు’ చూచితిమి. కాని ఆ రాత్రి మా కన్నులయెదుట నడచినది ఒక్కటే నాటకము కాదు. 53 ఏండ్లుగా మేము మనస్సులో ఆడించుకొనుచు వచ్చిన ‘మాయాబజారు’ ఇంకొకటి దాని ప్రక్కనే నడచుచుండెను. ఇచట మేము మెచ్చినదియు నొచ్చుకొన్నదియు ఈ రెంటిలో దేనికి చెందునో చదువరులే నిర్ణయింతురుగాక.

సమాజము పేరు చెప్పబోము. ఒక రాత్రి ఆటలో కనబడిన లోపము మఱునాటికి ఉండకపోవచ్చును. అచ్చులో పడిన మాట మాత్రము పోదు.

మా తాతగారు లక్ష్మీపూర్‌లో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుటకు వచ్చిననాడు ఈ ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలోనిదే. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. మేము గీత దాటి రాలేదు. గీతయే మా వాకిలి దాటిపోయినది. ఆ మఱుచటి యేడే, అనగా 1937లో, రాయగడకును పార్వతీపురమునకును నడుమనున్న జిమిడిపేటలో రేకందార్ చిన వెంకటరావుగారు శ్రీ వేంకటేశ్వర నాట్యమండలియను సురభి సమాజమును స్థాపించిరి. సురభియనగానే కడప జిల్లా జ్ఞప్తికి వచ్చుట న్యాయమే. 1885లో అచటి సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి కుటుంబమువారు ‘కీచకవధ’ ఆడుటతో ఈ పరంపర మొదలైనది. కాని మన ప్రాంతపు తెలుగువారికి మాత్రము సురభి పొరుగూరి సొత్తు. తెర లేచునంతవఱకు వంటపొయ్యి ప్రక్కన గూర్చుండి, తెర లేవగానే ద్రౌపదియై నిలిచెడి ఆ ఇల్లాండ్రను గూర్చి మన ముసలివారు తమ బంధువులను గూర్చి చెప్పినట్లే చెప్పెడివారు.

మా తండ్రిగారు కుఱ్ఱతనమున పార్వతీపురములో సురభివారి డేరాలో ‘మాయాబజారు’ చూచిరి. ఎన్నిసార్లో తెలియదు గాని, చెప్పినది మాత్రము నూఱుసార్లు. నారదుడు మబ్బులోనుండి దిగుట, ఘటోత్కచుని నోటిలోనికి లడ్డూలు తమంత తామే ఎగిరిపోవుట, అభిమన్యుని బాణమును ఘటోత్కచుని బాణమును నడి ఆకాశమున ఢీకొని నిప్పులు చెఱగుట. చెప్పి చెప్పి, చివర “సెప్తే తెలీదురా బాబూ, సూడాల” యని నిట్టూర్చెడివారు. ఈ నిట్టూర్పే మాకు తగులుకొన్నది.

1972లో మా పదమూడవ ఏట తండ్రిగారు మమ్ము వెంటబెట్టుకొని పార్వతీపురము తీసికొనిపోయిరి. వానలు ముందుగా వచ్చినవి. డేరా ఆ ముందటిదినముననే ఎత్తివేసిరి. మైదానమున గుంజలు పాతిన గుంటలు, వానిలో నీరు, అంతే చూచితిమి. తండ్రిగారు ఆ గుంటలను చూపి, ఇచట రంగస్థలము, ఇచట హార్మోనియము, ఇచట నేలటిక్కెట్టువారు అని వివరించిరి. అదియే మేము చూచిన మొదటి సురభి ప్రదర్శనము.

తరువాతి కథ విసుగు పుట్టించును గనుక త్వరగా ముగించెదము. ఒకసారి విజయనగరమున ఆడుచున్నారని తెలిసినపుడు మేము పనిచేయు కచేరీలో సెలవు దొరకలేదు. మార్చి మాసమున గుమాస్తాకు సెలవిచ్చు అధికారి ఇంకను పుట్టలేదు. 1990లలో బి.వి.కారంత్ అంతటి దర్శకుడు సురభివారితో గలసి ‘భీష్మ’, ‘చండీప్రియ’ మొదలగువాని నాడించుచున్నాడని పత్రికలో చదివి ఎంతో కుతూహలపడితిమి. ఆ యేడు ఇంట రోగములు. 2003లో తండ్రిగారు గతించిరి. ఆ పిమ్మట చూడవలెనను కోరిక రెట్టింపైనదో సగమైనదో చెప్పలేము. 2020లో ప్రయాణమునకు సిద్ధపడగా కరోనా వచ్చి నాటకశాలలన్నియు మూతపడినవి. సురభి బాబ్జీయని ప్రసిద్ధులై, 2013లో పద్మశ్రీ పొందిన రేకందార్ నాగేశ్వరరావుగారు 2022లో మరణించిరని వినినపుడు మాత్రము మాకు భయము పుట్టినది. మనము ఎదురుచూచుచుండగా అవతల ఆడువారు కూడ ముసలివారగుచుందురను సంగతి అంతవఱకు మా ఊహలోనికి రాలేదు.

ఇచట ఒక చిన్న ప్రసంగాంతరము. భువనేశ్వరమున ఉద్యోగము చేయు మా మేనల్లుడొకడు 2025 జనవరిలో అహమ్మదాబాదు పోయి, కోల్డ్‌ప్లేయను ఇంగ్లాండు దేశపు సంగీత బృందమువారి కచేరి చూచివచ్చెను. 2016లో వారు బొంబాయి వచ్చినపుడు పోలేకపోయెనట. “తొమ్మిదేళ్లు ఎదురు సూసేను మావయ్యా” యని గొప్పగా చెప్పెను. మాది యేబదిమూడని మేము చెప్పలేదు. ఒక్కొక్క రాత్రి లక్షకు పైబడిన జనమట. ప్రేక్షకులందఱి ముంజేతులకు దీపపు పట్టీలు కట్టి, పాటననుసరించి అవి రంగులు మారునట్లు చేసిరట. సెల్లుఫోనులో చూపెను, చుక్కలు నేలకు దిగినట్లుండెను. “బాగా పాడిరా?” యని అడిగితిమి. వాడు కొంతసేపు ఆలోచించి, “ఏమో మావయ్యా, నేను ఏడుస్తూనే ఉన్నాను” అనెను. మేము లోలోపల నవ్వుకొంటిమి. ఎంత తొందరపడి నవ్వితిమో నెలదినములలోనే తెలిసినది.

ఎనిమిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలిని వెంటబెట్టుకొని, రాయగడ వఱకు బస్సులోను, అచటినుండి రైలులోను పోయితిమి. పిల్ల ఒడియా బడిలో చదువుచున్నది. ఇంట తెలుగు మాటలాడును, చదువలేదు. మన ఇండ్లలో ఎన్నింటిలోనో ఇదే స్థితి గనుక దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. రైలు జిమిడిపేటలో ఆగలేదు. కిటికీలోనుండి స్టేషను పేరు పలక కనబడి మాయమైనది.

ఇక నాటకము. తెర లేవకముందే నటీనటులందఱు నిలిచి ప్రార్థన పాడిరి. ఆ వరుసలో తెల్లని జుట్టుగల వృద్ధుడును, తల్లి చీరకొంగు పట్టుకొన్న పసిబిడ్డయు గలరు. అందఱిదియు ఒకే పోలిక ముక్కు. నాటకసమాజములను అనేకముగ చూచితిమి గాని, ముక్కును బట్టి సమాజమును గుర్తింపగలుగుట ఇదే మొదలు. మా వేళ్లు కుర్చీ చేతిని పట్టుకొని యుండెను. ఆ ప్రార్థన శ్రుతిలో నున్నదో లేదో మేము చెప్పజాలము. మేనల్లునికి మనస్సులోనే క్షమాపణ చెప్పుకొంటిమి.

మొదటి రంగము సగముదాక మేము విమర్శకులము కాము. ఘటోత్కచుడు వచ్చిన తరువాతనే మాకు తెలివి వచ్చినది, అదియు ఒక అన్యాయముతో. ఆ నటుడు గద పట్టి నిలువగానే, “ఈతడు ఎస్.వి.రంగారావు కాడు గదా!” యను తలంపు కలిగినది. 1957నాటి విజయావారి చిత్రము మన తెలుగువారి కన్నులలో ఈ కథకు ముఖములను ముద్రవేసి పెట్టినది. ఘటోత్కచుడన రంగారావు, శశిరేఖ యన సావిత్రి, లక్ష్మణకుమారుడన రేలంగి. అంతకుముందే 1936లో పి.వి.దాసుగారు ఈ కథనే చలనచిత్రముగ తీసిరి. వ్యాసభారతమున శశిరేఖయే లేదు. ఆమెను మనకిచ్చి పెంచినది జనుల నోటి కథయు, నాటకరంగమును. తరువాత చిత్రము ఆ సొత్తునెత్తుకొని మెఱుగుపెట్టినది. ఇప్పుడు రంగస్థలమునకు బోయి, చిత్రమువలె లేదని నొచ్చుకొనుట, అప్పిచ్చినవానిని అప్పులవాడనుట వంటిది. ఇది తెలిసియు, ఆ నటుని మఱచి రంగారావును మఱువుటకు మాకు ఒక పావుగంట పట్టినది. ఆ పావుగంట నష్టము మాదే.

లడ్డూల ఘట్టము వచ్చినది. పళ్లెములోనుండి లడ్డూలు లేచి ఘటోత్కచుని నోటివైపు సాగిపోయెను. మూడవ వరుసలో కూర్చుండుటచేత మాకు దారము కనబడినది. దీపపు వెలుగు పడినపుడు ఒక్క క్షణము వెండితీగవలె మెఱసినది. మఱియొక నాటకమున నైనచో ఇది లోపమని వ్రాసియుందుము. సురభివారి విషయమున అట్లు వ్రాయుటకు మనసొప్పలేదు. కారణము వారి పూర్వచరిత్రయే. వీరి పెద్దలు తోలుబొమ్మలాటవారు. తెర, దీపము, దారము, తెరవెనుక మనిషి, ఇదియే వారి విద్య. తోలుబొమ్మలాటలో దారమును పుల్లను ఎవరు చూడరు? చూచుచునే హనుమంతుడు ఎగిరెనని నమ్ముదుము. సురభివారు బొమ్మలకు బదులు తామే తెర ముందునకు వచ్చిరి గాని, దారమును వెంట తెచ్చుకొనిరి. ‘మాయ’ను సినిమావలె పూర్తిగా దాచుట వీరి యుద్దేశము కాదని మాకు తోచినది. లడ్డూ ఎగిరినపుడు పిల్లలు “హో” యని కేక వేసిరి. దారము చూచిన ముసలివారమును వేసితిమి.

బాణముల యుద్ధమును గూర్చి మాత్రము నిజము చెప్పవలెను. ఒక బాణము అటునుండి, ఒకటి ఇటునుండి మెల్లగా సాగివచ్చి నడుమ తగులుకొనెను. అగ్గిపుల్ల గీచినంత వెలుగు వచ్చి ఆఱిపోయెను. అంతే. మా తండ్రిగారి నిప్పులు చాల పెద్దవి. మా గుండె ఒక్కసారి జాఱినది. ఆయన అతిశయోక్తి చెప్పెడివారా? ఆయన నూఱుసార్లు చెప్పినది ఈ అగ్గిపుల్లను గూర్చియేనా? తరువాతి రంగమంతయు మేము సరిగా చూడలేదు. ఆ సభామందిరమున తలుపులమీద ఎఱ్ఱని ఆకుపచ్చని దీపములు వెలుగుచుండెను. మా ముందు వరుసలో నలుగురు సెల్లుఫోనులెత్తి పట్టుకొనియుండిరి, ఒక్కొక్కటి ఒక చిన్న కిటికీ. తండ్రిగారు చూచినది పెట్రోమాక్సు దీపపు కాలమున. డేరా వెలుపల ఊరంతయు చీకటి. అంతటి చీకటిలో అగ్గిపుల్ల కూడ మెఱుపే యగును. నిప్పు చిన్నది కాలేదు, చీకటి తక్కువైనది. ఈ సమాధానము మమ్ము మేము ఓదార్చుకొనుటకు కల్పించుకొన్నది కాదనియే నమ్ముచున్నాము. కనుక సమాజమువారికి మా మనవి యొక్కటే: ఆ ఒక్క ఘట్టమునకైనను శాలలోని దీపములన్నియు ఆర్పించి, ఫోనులు మూయుమని ముందుగా చెప్పింపుడు.

పద్యములను గూర్చి మాకు నిక్కమైన ఫిర్యాదు గలదు. పద్యము చదువుట వేఱు, పాడుట వేఱు, వేదికమీద విడుచుట వేఱు. పూర్వపు నటుడు పద్యమును చివరి మాటదాక అర్థము చెడకుండ చెప్పి, పిదప రాగమును పైకి తీసికొనిపోయి అచట నిలిపి, జనులు “వన్స్ మోర్” అనువఱకు దింపెడివాడు కాడు. అది అతియే, మాకును తెలియును. శ్రీకృష్ణుడు రాయబారము మఱచి మూడుసార్లు పాడిన పద్యమునే పాడుట కథకు చేటు. అయినను, ఇచట రాగము పుట్టకముందే చంపిరి. ఒకప్పుడు రాత్రియంతయు ఆడినదానిని ఇప్పుడు రెండు మూడు గంటలలో ముగింపవలసివచ్చుచున్నది. జనుల ఆఖరి బస్సు నటుని శ్వాసకు కొలత పెట్టుచున్నది. దానికి తోడు మైకు. ఆ శాలలోని యంత్రము ధ్వనిని పెంచి పెంచి, హార్మోనియమును రంపముగను తబలాను డబ్బాగను చేసినది. బలరాముడు వేషధారియైన వృద్ధుడు మాత్రము మైకునకు దూరముగ జఱిగి ఒక పద్యము చదివెను. శాల నిశ్శబ్దమైనది. ఆ ఒక్క పద్యమునకు మా టిక్కెట్టు డబ్బులు తీఱినవి.

లక్ష్మణకుమారుని హాస్యములో సెల్లుఫోను మాటలు, వాట్సాపు మాటలు చొప్పించిరి. ద్వాపరయుగమున వాట్సాపేమని మేము ముఖము ముడుచుకొంటిమి. మా ప్రక్కన మనుమరాలు పడిపడి నవ్వినది. ఇంతకుమించి ఈ విషయమున మేము వ్రాయము.

మేము మిక్కిలి మెచ్చినది శశిరేఖ వేషమును. ఒకే స్త్రీ శశిరేఖగను, ఘటోత్కచుడు రూపము మార్చుకొన్న మాయాశశిరేఖగను నటించినది. చీర మార్చలేదు, నగ మార్చలేదు. నడక మార్చినది. శశిరేఖ మడమలు నేలకు తాకీ తాకనట్లు నడచునది. మాయాశశిరేఖ పాదము మొత్తము నేలమీద మోపి, ఒకింత తొందరగా, తన దేహమునకు తానే అలవాటు పడనట్లు నడచినది. ఒక చోట చెలికత్తె ఏదో యడుగగా తల త్రిప్పకుండ మొత్తము భుజములతో తిరిగినది. ఆ తిరుగుటలో రాక్షసుడు కనబడెను. దారములు, కప్పీలు, పొగలు చేయలేని మాయ ఇది. ఒకనాడు మన రంగస్థలమున స్త్రీపాత్రలను పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావుగారి సత్యభామను ఎవరు కాదనగలరు? కాని ఆ దినములలోనే సురభివారి ఆడపడుచులు వేదిక యెక్కి తమ వేషములు తాము కట్టిరి. 1932లో విడుదలయైన మొదటి తెలుగు మాటల చిత్రము ‘భక్తప్రహ్లాద’లో లీలావతియైన సురభి కమలాబాయి ఆ కుటుంబములలోనిదే. ఆ రాత్రి శశిరేఖ నడకలో మేము చూచినది ఒక్క నటి తెలివి కాదు. అమ్మను, అమ్మమ్మను తెరచాటునుండి చూచుచు పెరిగిన పిల్ల నడక అది. నాటకపాఠశాలలో ఎన్ని సంవత్సరములకు ఇది నేర్పగలరో మాకు తెలియదు.

మన ఒడియా సోదరుల జాత్రాలు చదువరులకు తెలియనివి కావు. అచట వేదికకు చాటుండదు. నటుడు జనుల నడుమ నిలిచి ఆడును. బరగఢ్ ధనుయాత్రలోనైతే పదునొకండు దినములు ఊరే వేదికయై, కంసుడు వీధులలో తిరుగును. సురభివారు ఇందుకు విరుద్ధముగ, చిత్రించిన తెరలు ఒకదాని వెనుక నొకటి దించి, పెట్టెలో లోకమును పెట్టి చూపుదురు. ఏది గొప్పయని అడుగువారికి మా వద్ద జవాబు లేదు. ధనుయాత్ర కంసుడు మనలను తన ఊరిలోనికి లాగును. సురభివారి ఇంద్రప్రస్థము మాత్రము, ఎంత ముందుకు వంగి చూచినను, మనకు ఒక గజము దూరమున ఉండనే యుండును. ఏబదిమూడేండ్లు దూరమునుండి చూచుటకు అలవాటు పడినవారము గనుక మాకు ఆ గజము బాధించలేదు.

ఒక పద్యము నడుచుచుండగా మనుమరాలు మా చెవిలో “తాతా, దీనికి అర్థమేటి?” యని అడిగినది. మొదటి రెండు పాదములు చెప్పితిమి. మూడవ పాదమున ఒక మాట దగ్గఱ ఆగితిమి. ఆ మాటను చిన్ననాటినుండి వినుచున్నాము, రేడియోలో విన్నాము, స్నానము చేయుచు పాడుకొన్నాము. అర్థము ఎన్నడును తెలిసికొనలేదని అపుడే తెలిసినది. “తరవాత చెప్తాను” అంటిమి. పిల్ల మా ముఖము చూచి, మరల అడుగక, వేదికవైపు తిరిగినది. మాట తెలియని పద్యమునకు ఆమె కన్నులు చెమర్చుట మేము చూచితిమి. అర్థము చెప్పియుండినచో ఇంకను చెమర్చెడివో, లేక ఆ మాత్రము కూడ లేకపోయెడిదో!

ఆట ముగిసిన తరువాత నటులందఱు వేషములతోనే వచ్చి నమస్కరించిరి. ప్రార్థనలో కొంగు పట్టుకొన్న పసిబిడ్డ ఘటోత్కచుని భుజముమీద నిద్రపోవుచుండెను. మేము పోయి ఏదైన మాటలాడవలెనని లేచితిమి గాని, ఏబదిమూడేండ్లుగా కూర్చి పెట్టుకొన్న వాక్యములలో ఒక్కటియు నోటికి రాలేదు. “జిమిడిపేట దగ్గఱివారము” అని మాత్రము అంటిమి. బలరామ వేషధారి కిరీటము తీసి చేత పట్టుకొని, “అలాగా బాబూ, మన ఊరివాళ్లే” యనెను.

మఱునాటి రైలులో మనుమరాలు నోటుపుస్తకము తీసి, తనకు జ్ఞప్తియున్నంతవఱకు ఆ పద్యమును ఒడియా లిపిలో వ్రాసి మాకు చూపినది. రెండు మాటలు తప్పు వ్రాసినది. ఒకటి మేము దిద్దితిమి. రెండవది ఆ మూడవ పాదములోని మాటయే. పార్వతీపురము దాటిన తరువాత, రాయగడలోని ఒక వృద్ధమిత్రునకు ఫోను చేసి అడిగితిమి. ఆయన పద్యమంతయు పాడి, ఆ మాట దగ్గఱకు వచ్చి, తానును ఆగెను.